జాకీ బలం

శంషాబాద్‌లో 2008లో విమానాశ్రయం వచ్చింది. బెంగుళూరు రోడ్డు మీద కార్ల రద్దీ పెరిగింది. టైరు పంక్చరైతే డ్రైవరు మర జాకీ పెట్టి తిప్పుతాడు. కారు లేస్తుంది. ఒక్క మనిషికి అంత బలం ఎక్కడిది?

అక్కా, శ్రీశైలం ఘాట్ రోడ్డు చూశారా? కొండను చుట్టుకుంటూ పోతుంది. దూరం ఎక్కువే, కానీ ఎక్కడం సులువు. జాకీ మర కూడా అంతే. 30 సెంటీమీటర్ల పిడిని ఒక చుట్టు తిప్పితే చెయ్యి దాదాపు 190 సెంటీమీటర్లు తిరుగుతుంది. మర కదిలేది కొన్ని మిల్లీమీటర్లే. అందుకే మీ చేతికైనా లేస్తుంది. పిడి పొడుగైతే ఇంకా సులువు.

ఎత్తేటప్పుడు బరువునూ, మరలోని రాపిడినీ గెలవాలి. దించేటప్పుడు బరువే సాయం చేస్తుంది, తిప్పడం తేలిక. చెయ్యి తీసినా కారు దిగదు. ఆ రాపిడే పట్టి ఉంచుతుంది.

అయినా జాకీ ఒరగొచ్చు. మిగతా టైర్లకు రాళ్లు అడ్డం పెట్టండి. కారు కిందికి మాత్రం దూరకండి.