అపార్టుమెంటుల మూలనిధి

ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1987లో చేయబడి, నేటికిని ఉభయ తెలుగు రాష్ట్రములందు అమలునందున్న అపార్టుమెంటుల చట్టము, ఇల్లు కొనినవానికి మెట్లు, లిఫ్టు, పైకప్పు మున్నగు ఉమ్మడి వసతులలో విభజింపరాని భాగము నొసగినది. భాగముతోబాటు భారమును సంక్రమించును. ఈ రెండవ సంగతిని మనవారు మఱచుచున్నారు.

నెలచందా పెంచరాదని సర్వసభ్య సమావేశమున పట్టుబట్టినవారే, లిఫ్టు చెడిన దినమున ఇంటికిన్ని వేలని కార్యవర్గము కోరగా ఆగ్రహింతురు. వాచ్‌మను జీతము, విద్యుత్తు బిల్లు నెలనెలా ఎదుటికి వచ్చును. పంపుసెట్టు అరుగుదల, పైకప్పు చెమ్మ ఏండ్లకొలది దాగియుండి యొక్కసారిగా బయల్పడును. ఆనాడు పింఛనుపై జీవించు వృద్ధదంపతులు ఆ మొత్తమును ఎచ్చటనుండి తేగలరు?

కావున ప్రతిమాసము చందాలో కొంతభాగమును మూలనిధిగా వేఱు బ్యాంకుఖాతాలో నుంచి, పెద్దమరమ్మతులకు దక్క అన్యమునకు వాడరాదని తీర్మానించుట యావశ్యకమని మా యభిప్రాయము. ఆ ఖాతాపై ఇరువురి సంతకములుండవలెను. జమాఖర్చులు నెలనెలా నోటీసుబోర్డున ప్రకటింపబడవలెను. ఏటేట బయటివారిచే తనిఖీ జరుగవలెను.

లెక్కచూపని కార్యవర్గము చందా నడుగజాలదు. చందా చెల్లింపని సభ్యుని విమర్శకు విలువ యుండదు. తమ యింటి పాలనమును తామే చక్కబెట్టుకొనలేనివారు పురపాలకసంఘమును నిందించి ప్రయోజనమేమి?