ఎండాకాలం చెరువులో కొర్రమీను ఎక్కడుంటది?

పోయిన ఎపిసోడ్‌లో అడిగిన ప్రశ్నకు జవాబు ఇది. బహ్రెయిన్‌లో శుక్రవారం గాలం వేద్దామంటే సముద్రమే దిక్కు. ఏప్రిల్, మే నెలల్లో సెలవు మీద ఊరికి పోయేవాళ్లు మాత్రం ఇది గుర్తుపెట్టుకోండి.

ఎండలకు చెరువు తగ్గి నీళ్లు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. కొర్రమీను పైకొచ్చి గాలి పీలుస్తుంది కాబట్టి గట్టు పక్క లోతు తక్కువ నీళ్లలోనూ బతుకుతుంది. పొద్దున్నే గడ్డి, తామరాకుల పక్కన చూడండి. బుడగ లేచిన చోట చిన్న కప్పను ఎరగా వేయండి.

తొలకరి పడ్డాక మాత్రం ఆగాలి. ఎర్రటి పిల్లల గుంపు పైన తిరుగుతుంటే కింద పెద్ద చేప కాపలా ఉన్నట్టే. దాన్ని పడితే పిల్లలన్నీ వేరే చేపల పాలే. చిన్నప్పుడు నేనూ ఒకసారి అట్లా పట్టాను. తెల్లారి చూస్తే అక్కడ గుంపు లేదు. మీరు ఆ తప్పు చేయకండి.