హైపర్‌బారిక్ ఆక్సిజన్: పని ఎంత, ప్రచారమెంత?

గాజు గొట్టంలాంటి గదిలో ఒక మనిషి హాయిగా పడుకుని ఉంటాడు. మానని పుండు మానుతుందని, అలసట ఎగిరిపోతుందని, వయసు వెనక్కి మళ్లుతుందని పక్కన రాసి ఉంటుంది. ఒత్తిడి పెంచిన గదిలో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పించే వైద్యమైన హైపర్‌బారిక్ ఆక్సిజన్ థెరపీ ప్రకటనలు చాలావరకు ఇలాగే ఉంటాయి. మొదటి మాట కొన్ని రకాల పుండ్ల విషయంలో నిజం. చివరిది వట్టి వ్యాపారం. రెండూ ఒకే బోర్డు మీద ఉండటమే చిక్కు.

అపోహ: ఆక్సిజన్ మాస్కు పెట్టుకున్నా ఇదే ఫలితం

కరోనా పుణ్యమా అని పల్స్ ఆక్సిమీటర్ ఇంటింటి వస్తువైంది. వేలికి తగిలిస్తే 98 చూపిస్తుంది. అంటే హిమోగ్లోబిన్ ఇప్పటికే నిండుగా ఉంది. మరి ఇంకా ఎక్కించడానికి చోటెక్కడిది? రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాలో ఉంది. గోలీసోడాలో గ్యాసు నీళ్లలో కరిగి ఉండేది ఒత్తిడి వల్లే కదా, ఇక్కడా అంతే. మామూలు గాలి పీల్చేటప్పుడు 100 మిల్లీలీటర్ల రక్తంలో ఇలా కరిగి ఉండే ఆక్సిజన్ 0.3 మిల్లీలీటర్లే. మామూలుకు మూడు రెట్ల ఒత్తిడిలో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలిస్తే అది దాదాపు 6 మిల్లీలీటర్లకు పెరుగుతుంది. కదలకుండా ఉన్న శరీరానికి ఇంచుమించు ఆ మాత్రం చాలు. 1960 ప్రాంతంలో ఆమ్‌స్టర్‌డామ్ సర్జన్ బూరెమా, పందుల రక్తంలో ఎర్రకణాలు దాదాపు లేకుండా చేసి, ఒత్తిడి గదిలో వాటిని బతికించి చూపించాడు. మాస్కు ఎంత బిగించినా ఆ ఒత్తిడి రాదు.

అపోహ: ఇదంతా బూటకం

సముద్రం లోతు నుంచి తొందరపడి పైకొచ్చిన డైవర్ ఒంట్లో నైట్రోజన్ బుడగలు కడితే అసలు వైద్యం ఈ గదే. తలుపులన్నీ మూసిన గదిలో కుంపటి, గాలాడని బాత్రూంలో గ్యాస్ గీజర్ కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణం తీస్తాయి. బయటి గాలిలో ఉంటే రక్తంలోని ఆ విషం సగానికి తగ్గడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. మాస్కుతో గంట నుంచి గంటన్నర. మూడు రెట్ల ఒత్తిడిలో 20-25 నిమిషాలు. గ్యాస్ గ్యాంగ్రీన్, నుజ్జయిన అవయవాలు, రేడియేషన్ తర్వాత దెబ్బతిన్న దవడ ఎముక, హఠాత్తుగా వచ్చిన చెవుడు వంటి వాటికీ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని ఒప్పుకుంది.

అపోహ: గదిలో పడుకుంటే షుగర్ కాలిపుండు మానిపోతుంది

తెలుగునాట ఈ గది మాట ఎక్కువగా వినపడేది కాలిపుండు దగ్గరే. కాలు తీసేయాలన్న మాట చెవిన పడ్డ కుటుంబం ఏ ఆశ చూపించినా పట్టుకుంటుంది. అందుకే ఇక్కడ కాస్త నిదానించాలి.

స్వీడన్‌లో 94 మంది మీద జరిగి 2010లో వెలువడిన అధ్యయనం ఆశ పెంచింది. ఒత్తిడి గదిలో ఆక్సిజన్ తీసుకున్నవాళ్లలో ఏడాదికి 52 శాతం మందికి పుండు మానింది. అదే గదిలో ఉత్త గాలి పీల్చినవాళ్లలో 29 శాతం మందికే. కానీ 2016లో కెనడా నుంచి, 2018లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన అధ్యయనాల్లో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. కాబట్టి ఇది అందరికీ కాదు, ఏరి చూసి ఇవ్వాల్సిన వైద్యం. అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ పుండు లోతుకు పాకి, 30 రోజులు సరైన చికిత్స చేసినా మెరుగు లేకపోతేనే దీనికి డబ్బు చెల్లిస్తుంది.

ఆ సరైన చికిత్స చూడ్డానికి గొప్పగా ఉండదు. కుళ్లిన కండ తీసేయాలి, చీముకు తగిన యాంటీబయాటిక్ ఇవ్వాలి, షుగర్ అదుపు చేయాలి, పుండు మీద బరువు పడకుండా ప్రత్యేకమైన చెప్పో కట్టో వేయాలి. అన్నిటికన్నా ముందు డాప్లర్ స్కాన్ చేసి, కాలికి రక్తం దిగుతోందా అని చూడాలి. రక్తనాళమే పూడుకుపోతే రక్తంలో కరిగిన ఆక్సిజన్ మటుకు వేలిదాకా ఎలా వెళ్తుంది? గది వైద్యమంటే రోజుకు గంటన్నర, రెండు గంటల చొప్పున, వారానికి అయిదు రోజులు, 30-40 విడతలు. ఆ రెండు నెలలూ గదినే నమ్ముకుని మిగతావి వాయిదా వేస్తే పోయేది డబ్బొక్కటే కాదు. అడ్వాన్సు అడిగిన చోట, డాప్లర్ రిపోర్టు చూశారా అని అడిగితే తప్పులేదు.

అపోహ: ఇంట్లో ఉబ్బించుకునే సంచీ కూడా ఇదే

లెక్క చిన్నది. ఆ సంచుల్లో ఒత్తిడి మామూలుకు 1.3 రెట్లు, గాలిలో ఆక్సిజన్ 21 శాతం. హెచ్చవేస్తే 27. ఆసుపత్రిలో ముక్కుకు గొట్టం పెట్టి నిమిషానికి రెండు లీటర్లు వదిలినా ఇంచుమించు అంతే అందుతుంది. అలాంటి సంచులు మొదట కొండలెక్కేవాళ్లకు ఎత్తు పడనప్పుడు వాడేందుకు వచ్చాయి.

అపోహ: క్యాన్సర్, ఆటిజం, ముసలితనం అన్నిటికీ మందే

ఈ రకం మాటలు నమ్మొద్దని ఎఫ్‌డీఏ 2013లోనే హెచ్చరించింది. ఆటిజంపై అధ్యయనాలను కలిపి తూచిన 2016 నాటి కాక్రేన్ సమీక్షకు ఉపయోగముందనే ఆధారం దొరకలేదు. యవ్వనం తిరిగొస్తుందన్న ప్రచారానికి మూలం 2020లో ఇజ్రాయెల్ నుంచి వచ్చిన చిన్న అధ్యయనం. 64 ఏళ్లు, ఆపై వయసున్న 35 మంది రక్తకణాల్లో టెలోమియర్లు, అంటే వయసుతో కురచబడే క్రోమోజోముల కొనలు, పొడవయ్యాయన్నారు. పోల్చి చూడ్డానికి వేరే బృందం లేదు. కణంలో కొలత మారడం వేరు, మనిషి వయసు తగ్గడం వేరు.

ఈ ఆశ కొత్తదేం కాదు. 1928లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఆర్వల్ కనింగ్‌హామ్ అనే డాక్టరు 64 అడుగుల ఉక్కు గోళంలో అయిదంతస్తుల ఆసుపత్రే కట్టించాడు. ఒత్తిడి గాలితో మధుమేహం, సిఫిలిస్, క్యాన్సర్ నయమవుతాయన్నాడు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఆధారాలు చూపమంటే చూపలేకపోయాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆ గోళం తుక్కు కింద పోయింది.

అపోహ: ఆక్సిజనేగా, హాని ఏముంటుంది?

విమానం దిగేటప్పటి చెవిపోటు తెలిసినవాళ్లకు మొదటి ఇబ్బంది చెప్పనక్కర్లేదు. కర్ణభేరి దెబ్బతినొచ్చు కూడా. విడతలు పెరిగితే కొందరికి తాత్కాలికంగా దూరపు చూపు మందగిస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు లోపల ఉండగానే షుగర్ పడిపోవచ్చు, అందుకే ముందే పరీక్షించాలి. అరుదుగా ఫిట్స్ వస్తాయి. ఊపిరితిత్తి చిల్లిపడి ఛాతీలో గాలి చేరినవాళ్లను, దానికి చికిత్స కాకుండా లోపలికి పంపనే కూడదు.

అన్నిటికన్నా భయపడాల్సింది నిప్పుకు. 1997లో ఇటలీలోని మిలాన్ ఆసుపత్రిలో ఒత్తిడి గది అంటుకుని 11 మంది చనిపోయారు. 2025 జనవరిలో అమెరికాలోని మిషిగన్‌లో అయిదేళ్ల పిల్లవాడు ఇలాగే బలయ్యాడు. ఆక్సిజన్ నిండిన చోట చిన్న నిప్పురవ్వ చాలు. కాబట్టి నూలు బట్టలే వేసుకోవాలి. తలనూనె, సెంటు, ఫోను, వాచీ, వినికిడి యంత్రం అన్నీ బయటే ఉండాలి. ఇవేవీ చూడకుండా తలుపు మూయబోతే, లేచి వచ్చేయడానికి మొహమాటపడనక్కర్లేదు.