పొలమే క్లాస్‌రూమ్: పులివెందులలో రైతు శాస్త్రవేత్తల కోర్సు

గండికోట చుట్టుపక్కల మనోళ్లను పీఎండీఎస్ వేయమంటే వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: "వాన రాకముందే విత్తనం పోస్తే చీమల పాలేగా సామీ?" ఉత్త భయం కాదది. విత్తనం పోతే డబ్బూ పోతుంది.

ఈ ప్రశ్నకు ఉపన్యాసం జవాబు కాదు. మన కడప జిల్లా పులివెందులలోనే రైతు సాధికార సంస్థ వాళ్ల ఇండో జర్మన్ అకాడమీలో నాలుగేళ్ల రైతు శాస్త్రవేత్త కోర్సు ఉంది. చదివేది రైతులే, ల్యాబు వాళ్ల పొలమే.

ఆ పద్ధతి మనమూ పట్టుకోవచ్చు. ఎకరా అంతా వద్దు, ఐదు సెంట్లు చాలు. సగంలో నవధాన్యాల ఉత్త విత్తనం వేయండి. మిగతా సగానికి విత్తనాన్ని బీజామృతంతో తడిపి, బంకమట్టి పొడి, ఘనజీవామృతం, బూడిద పొరలు పొరలుగా చల్లుతూ దొర్లించి, నీడలో ఆరబెట్టి వేయండి. దొర్లించే తీరు వీడియోలో చూడండి, చేతికి అలవాటయ్యేదాకా గుళిక కుదరదు. రెండు సగాల్లోనూ ఆచ్ఛాదన ఒకేలా కప్పాలి, లేకపోతే లెక్క తప్పుతుంది.

తొలి వాన పడిన పది రోజులకు ప్రతి సగంలో నాలుగైదు చోట్ల చదరపు మీటరు కొలిచి మొలకలు లెక్కపెట్టి నోటుబుక్కులో రాయండి. గుళికల సగం పల్చగా ఉందా? మట్టి మందమైందా, ఎండలో ఆరబెట్టామా, వెతకండి. నన్నడిగితే, బాగా వచ్చిన మడి కంటే ఇదే ఎక్కువ నేర్పుతుంది.

అగ్రికల్చర్ బీఎస్సీ చివరి ఏడాది పిల్లలు పల్లెల్లో ఉండి నేర్చుకోవడానికి వస్తుంటారు. మీ ఊరికొస్తే ఫొటోలతో పంపేయకండి, ఆ లెక్క వాళ్లచేత పెట్టించండి.