పండుగ వంట మనది, పెంపుడు జీవుల వంట వాటిది

నేపాల్‌లో తిహార్ పండుగ రెండవ రోజును కుకుర్ తిహార్ అంటారు. మన నరక చతుర్దశి వేళకే వచ్చే ఆ రోజున ఇంటి కుక్కకూ, వీధి కుక్కకూ నుదుట తిలకం దిద్ది, మెడలో బంతిపూల దండ వేసి, ఇష్టమైన తిండి పెడతారు. శునకాన్ని యమధర్మరాజు దూతగా భావించడం ఈ ఆచారానికి మూలం. సిక్కిం, డార్జిలింగ్ ప్రాంతాల నేపాలీ కుటుంబాలు కూడా దీనిని పాటిస్తాయి. తెలుగునాట ఇటువంటి ప్రత్యేక దినం లేకపోయినా, పండుగపూట ఇంట్లో తిరిగే మూగజీవికి ఒక ముద్ద పెట్టనిదే తృప్తి కలగని కుటుంబాలు అనేకం.

అయితే ఆ ముద్దలో ఏముందన్నదే ప్రశ్న. మనకు హాని చేయని కొన్ని పదార్థాలు కుక్కలకు, పిల్లులకు విషంతో సమానం. అందుచేత మన విస్తరిలోనిది తీసి పెట్టకుండా, వాటికోసం నాలుగైదు పదార్థాలతో విడిగా వండడమే క్షేమకరం. ఆ వంటకు ఎక్కువ సమయం పట్టదు.

మన వంటకాల్లో పొంచి ఉన్న ప్రమాదం

పాయసం, చక్కెర పొంగలి, క్రిస్మస్ కేకు వంటి వాటిలో ఎండుద్రాక్ష తరచుగా ఉంటుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష కొన్ని కుక్కల్లో మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఎంత తింటే ప్రమాదమన్నది ఒక్కో కుక్కకు ఒక్కో విధంగా ఉంటుంది కాబట్టి సురక్షిత పరిమాణమంటూ లేదు. చాక్లెట్‌లోని థియోబ్రొమిన్ అనే పదార్థాన్ని కుక్క శరీరం చాలా నెమ్మదిగా వదిలించుకుంటుంది. మిల్క్ చాక్లెట్ కంటే డార్క్ చాక్లెట్, దానికంటే కోకో పొడి ఎక్కువ ప్రమాదకరం.

ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను ఛేదించి రక్తహీనతకు దారితీస్తాయి. వండినంత మాత్రాన, ఎండబెట్టి పొడి చేసినంత మాత్రాన ఆ గుణం పోదు. పిల్లుల విషయంలో శరీర బరువు కిలోకు 5 గ్రాముల ఉల్లి కూడా రక్తంలో మార్పులు తేగలదు. అంటే 4 కిలోల పిల్లికి 20 గ్రాములు చాలు. పైగా లక్షణాలు కొన్ని రోజుల తర్వాత బయటపడవచ్చు గనుక కారణం గుర్తించడం కష్టమవుతుంది.

చక్కెర లేదని అమ్మే మిఠాయిలు, చూయింగ్ గమ్, కొన్ని రకాల పీనట్ బటర్‌లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉండవచ్చు. ఇది కుక్క రక్తంలో చక్కెరను అరగంట, గంటలోపే ప్రమాదకర స్థాయికి పడగొట్టగలదు. కాలేయాన్ని కూడా దెబ్బతీయగలదు. ఇక నెయ్యి, నూనె ఓడే పదార్థాలు క్లోమగ్రంథి వాపునకు కారణం కావచ్చు. జాజికాయ, పచ్చకర్పూరం పడిన వంటకాలనూ దూరంగా ఉంచాలి.

ఎంత పెట్టాలి?

చిరుతిండి ఎంత మంచిదైనా రోజువారీ ఆహార శక్తిలో 10 శాతానికి మించరాదన్నది పశువైద్యులు సాధారణంగా పాటించే ప్రమాణం. 10 కిలోల పెద్ద కుక్కకు రోజుకు సుమారు 600 కేలరీలు కావాలి. కాబట్టి చిరుతిండి వాటా 60 కేలరీలు. మన నేతి లడ్డూ ఒక్కటే ఆ వాటాకు రెట్టింపును దాటిపోతుంది. 4 కిలోల పిల్లికి రోజుకు 200 నుంచి 250 కేలరీలు సరిపోతాయి. దాని చిరుతిండి వాటా 20 కేలరీలకు కాస్త అటూ ఇటూ.

కుక్కలకు చిలగడదుంప బిళ్లలు

ఎముకలు, చర్మం తీసిన కోడిమాంసం ఉడికించి 100 గ్రాములు తీసుకోవాలి. ఉడికించి తొక్క తీసిన చిలగడదుంప 100 గ్రాములు మెత్తగా మెదిపి, మాంసాన్ని సన్నగా తరిగి అందులో కలపాలి. రెండు పెద్ద చెంచాల జొన్నపిండి లేదా బియ్యప్పిండి చేర్చి ముద్ద చేయాలి. ఉప్పు, నూనె, కారం, మసాలా, బెల్లం ఏదీ వేయకూడదు. ముద్దను 30 చిన్న బిళ్లలుగా చేసి, ఇడ్లీ పాత్రలో తడిగుడ్డ పరచి 15 నిమిషాలు ఆవిరిపై ఉడికించాలి. ఒక్కో బిళ్లలో దాదాపు 10 కేలరీలుంటాయి. 10 కిలోల కుక్కకు రోజుకు ఐదారు చాలు. చిన్న జాతి కుక్కలకైతే ఒక్కో బిళ్లను ముక్కలు చేసి, సంఖ్య తగ్గించాలి. మిగిలినవి ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు నిలువ ఉంటాయి.

మాంసం వండని ఇళ్లలో ఉడికించిన గుమ్మడి గుజ్జు లేదా క్యారెట్ ముక్కలు పెట్టవచ్చు. పాల పదార్థాలు పడే కుక్కకు గుమ్మడి గుజ్జులో చెంచాడు కమ్మని పెరుగు కలపవచ్చు.

పిల్లి చిన్న కుక్క కాదు

పిల్లి పూర్తిగా మాంసాహారి. టారిన్ వంటి కొన్ని పోషకాలు దానికి మాంసం నుంచే అందాలి. తీపిని గుర్తించే రుచిగ్రాహకానికి అవసరమైన జన్యువు పిల్లిలో పనిచేయదని 2005లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. కాబట్టి మిఠాయిలోని తీపి దానికి తెలియదు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు సరిగా జీర్ణం కావు. గిన్నెడు పాలు పోయడం అలవాటుగా వస్తున్నా, దానివల్ల విరేచనాలు పట్టుకోవచ్చు.

పిల్లి కోసం ముళ్లు పూర్తిగా తీసిన, ఉడికించిన చేప 50 గ్రాములు చిదిమి, ఒక గుడ్డు గిలకొట్టి కలిపి, ఇడ్లీ గుంటల్లో పోసి గట్టిపడేదాకా ఆవిరిపై ఉడికించాలి. చల్లారాక 40 ముక్కలుగా కోస్తే, ఒక్కోదానిలో సుమారు 3 కేలరీలుంటాయి. రోజుకు ఆరేడు ముక్కలు సరిపోతాయి. ఇది చిరుతిండి మాత్రమే, రోజువారీ భోజనానికి బదులు కాదు. మధుమేహం, మూత్రపిండాల వ్యాధి, ఆహార అలర్జీ ఉన్న జీవాలకు వైద్యుణ్ణి అడగనిదే కొత్త పదార్థం పెట్టరాదు.

వీధి కుక్కల విషయంలో

విందు ముగిశాక మిగిలిన బిర్యానీ, కూరలు వీధి కుక్కలకు పెట్టడం సద్భావనతో జరిగే పనే. కాని వాటిలో ఉల్లి, వెల్లుల్లి, మసాలాతోపాటు ఉడికిన ఎముకలూ ఉంటాయి. ఉడికిన ఎముక మొనదేలి విరిగి గొంతులో గుచ్చుకోవచ్చు, పేగును చీల్చవచ్చు. ఏమీ కలపని అన్నంలో ఉడికించిన గుడ్డు చిదిమి ఆకులోనో, కాగితంపైనో పెడితే అదే వాటికి పండుగ భోజనం. ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి పడవేస్తే ఆహారంతోపాటు సంచి కూడా కడుపులోకి వెళ్తుంది.

పొరపాటున తింటే

వాంతులు, వణుకు, తూలుడు, విపరీతమైన దాహం, నీరసం, చిగుళ్లు పాలిపోవడం ప్రమాద సూచనలు. నిషిద్ధ పదార్థం తిన్నట్లు తెలిస్తే ఈ లక్షణాల కోసం వేచి చూడకుండా వెంటనే పశువైద్యుణ్ణి సంప్రదించాలి. ఏమి తిన్నది, ఎంత, ఏ వేళకు అనే వివరాలు చెప్పాలి. పొట్లం మీది కాగితం ఉంటే చూపాలి. వాంతి చేయించడానికి ఉప్పునీరు పట్టడం మరో ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా పలు రాష్ట్రాల్లో సంచార పశువైద్య సేవలకు 1962 నంబరు ఉంది. అయితే ఈ సేవలు ప్రధానంగా పాడిపశువుల కోసం ఏర్పడినవి. అందువల్ల పండుగ సెలవుల్లో తెరిచి ఉండే సమీప పశువైద్యశాల ఏదో ముందే కనుక్కొని, ఆ ఫోన్ నంబరు రాసి పెట్టుకోవాలి.

పండుగనాడు ఇంటికి వచ్చే బంధువులకు, ముఖ్యంగా పిల్లలకు, ఈ విషయాలు ముందుగా చెప్పడం అవసరం. విడిగా చేసిన బిళ్లల డబ్బా వారి చేతికే ఇస్తే, తినిపించే ముచ్చటా తీరుతుంది, మూగజీవీ క్షేమంగా ఉంటుంది.