ఆట ఆడే పెట్టె, ఆట చేసే పెట్టె



టీవీకి తగిలించి వీడియో ఆటలు ఆడే పెట్టెను కన్సోల్ అంటారు. సోనీ వారి ప్లేస్టేషన్, మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్, నింటెండో వారి పెట్టెలు అన్నీ ఈ జాతివే. మూత తీసి చూస్తే లోపల ఉన్నది కంప్యూటరే. లెక్కలు చేసే చిప్పు, బొమ్మలు గీసే చిప్పు, మెమరీ అన్నీ ఉంటాయి. మరి అది కంప్యూటర్ అయినప్పుడు మనం ఒక ప్రోగ్రాం రాసి అందులో పెడితే నడవాలి గదా? నడవదు. దుకాణంలో కొన్న కన్సోల్, కంపెనీ ఒప్పుకున్న ఆటను తప్ప మరో దాన్ని లోపలికి రానివ్వదు.

అట్లాగైతే ఆటలు తయారుచేసేవాళ్ళు తమ ఆటను దేనిలో పెట్టి చూసుకుంటారు? వాళ్ళ దగ్గర వేరే పెట్టె ఉంటుంది. దానిని డెవలప్‌మెంట్ కిట్ అంటారు, పొట్టిగా డెవ్ కిట్. ఆడేవాళ్ళలో చాలామంది దానిని ఎప్పుడూ చూసి ఉండరు.

ముందు తాళం సంగతి చెప్పాలి. 1977లో అమెరికాలో వచ్చిన అటారీ కన్సోల్‌కు తాళం లేదు. 1979లో అటారీలో పనిచేసే కొందరు ప్రోగ్రామర్లు బయటికి వచ్చి యాక్టివిజన్ అనే సంస్థ పెట్టి, అదే కన్సోల్‌కు సొంతంగా ఆటలు చేశారు. వాళ్ళవి మంచి ఆటలే. కాని వాళ్ళను చూసి ఇంకా ఎందరో దిగారు. దుకాణాల నిండా నాసిరకం ఆటలు చేరాయి. 1983లో అక్కడి ఆటల వ్యాపారం కుప్పకూలడానికి ఇది ఒక కారణం. ఆ తర్వాత 1985లో నింటెండో తన కన్సోల్‌ను అమెరికాకు తెచ్చినప్పుడు లోపల తాళం చిప్పు పెట్టింది. ఆట ఉన్న క్యాట్రిడ్జిలో దానికి జోడు చిప్పు ఉండాలి. రెండింటికీ మాట కుదరకపోతే కన్సోల్ మళ్ళీ మళ్ళీ మొదటికి వస్తూ ఉంటుంది, ఆట సాగదు.

1994లో జపాన్‌లో వచ్చిన మొదటి ప్లేస్టేషన్ తాళం ఇంకా తమాషాగా ఉన్నది. దాని ఆటలు సీడీ మీద వచ్చేవి. కంపెనీ అచ్చువేసిన సీడీలో గాడిని కావాలనే సన్నగా వంకరలు తిప్పి, ఆ వంకరలలో నాలుగు అక్షరాల గుర్తు దాచారు. జపాన్‌కు ఒకటి, అమెరికాకు ఒకటి, యూరప్‌కు ఒకటి. మామూలు సీడీ రైటర్ ఆ వంకరను గీయలేదు. కాబట్టి ఆటను కాపీ చేసినా, సొంతంగా రాసి సీడీలో పెట్టినా, గుర్తు కనబడక పెట్టె దానిని తోసిపుచ్చేది. దొంగనూ కొత్తగా నేర్చుకునేవాణ్ణీ ఈ తాళం ఒకే విధంగా చూసింది!

ఇప్పుడు డెవ్ కిట్ ఏం చేస్తుందో చూద్దాం. బస్సులో మనం టికెట్ కొని కూర్చుంటాం. అదే బస్సు డిపోలో గుంత మీద నిలబడి, బానెట్ తెరిచి ఉంటే మెకానిక్‌కు ప్రతి గొట్టమూ కనబడుతుంది. బస్సు ఒకటే, తెరిచిన తీరు వేరు. డెవ్ కిట్ ఆ డిపోలోని బస్సు వంటిది.

ప్రోగ్రామర్ తన కంప్యూటర్‌లో, ఎక్కువగా సి++ అనే భాషలో, ఆటను రాస్తాడు. కంపైలర్ దానిని కన్సోల్ చిప్పుకు అర్థమయ్యే అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెలు కేబుల్ ద్వారా డెవ్ కిట్‌లోకి పోతాయి, ఆట నడుస్తుంది. అసలు గొప్పతనం ఇక్కడినుంచే. ఆటలో పిల్లవాడు గోడ మీదినుంచి దూకాడనుకోండి. నేల మీద నిలబడాల్సినవాడు నేలలోంచి కిందికి పోయాడు. మామూలు కన్సోల్ అయితే తెర మీద ఆ వింత కనబడుతుంది, అంతే. ఎందుకు పోయాడో చెప్పదు. డెవ్ కిట్‌లో ప్రోగ్రామర్ ఫలానా వాక్యం దగ్గర ఆగు అని గుర్తు పెడతాడు. ఆట అక్కడ బొమ్మలాగా ఆగిపోతుంది. అప్పుడు మెమరీలో ఒక్కొక్క గడి చూడవచ్చు. పిల్లవాడి ఎత్తు ఎంత, నేల ఎత్తు ఎంత, ఏ లెక్క తప్పింది అని ఒక్కో వాక్యం చొప్పున ముందుకు జరుపుతూ పట్టుకోవచ్చు. ఈ పనిని డీబగ్గింగ్ అంటారు. ఆట తయారీలో ఎంత కాలం దీనికే పోతుందో బయటివాళ్ళు ఊహించలేరు.

ఇట్లా గమనించడానికి అదనంగా చోటు కావాలి. అందుకే డెవ్ కిట్‌లో మెమరీ ఎక్కువ పెడతారు. దుకాణంలో అమ్మిన మొదటి ప్లేస్టేషన్‌లో ప్రధాన మెమరీ 2 మెగాబైట్లు. పర్సనల్ కంప్యూటర్‌లోపల బిగించే కార్డుల రూపంలో వచ్చిన దాని డెవ్ కిట్‌లో 8 మెగాబైట్లు. 2001 నాటి ఎక్స్‌బాక్స్‌లో 64, దాని డెవ్ కిట్‌లో 128. దీనిలో ఒక ప్రమాదం కూడా ఉన్నది. 8లో హాయిగా నడిచిన ఆట 2లో పట్టక ఆగిపోవచ్చు. ఆ కారణంగా పరీక్ష కోసం మరో రకం పెట్టెలు చేశారు. చూడటానికి మామూలు ప్లేస్టేషనే, మెమరీ కూడా అంతే, కాని రంగు నీలం, తర్వాత వచ్చినవి ఆకుపచ్చ. ఇవి మాత్రం రైటర్‌తో రాసిన సీడీలను కూడా ఒప్పుకునేవి.

కన్సోల్ ఇంకా పుట్టకముందే దాని ఆటలు మొదలుపెట్టాలి గదా, అప్పుడేం చేస్తారని అడగవచ్చు. ఎక్స్‌బాక్స్ 360 విషయంలో మైక్రోసాఫ్ట్ తన పోటీదారు యాపిల్ కంప్యూటర్లను కొని ఆటలు చేసేవాళ్ళకు ఇచ్చింది! రాబోయే కన్సోల్ చిప్పు, ఆ యాపిల్ పవర్ మ్యాక్ జి5 చిప్పు ఒకే కుటుంబానివి కనుక పని జరిగింది. 2005లో కన్సోల్ అమ్మకానికి వచ్చింది.

డెవ్ కిట్‌లు ఎవరికి ఇస్తారన్నదే అసలు ప్రశ్న. సాధారణంగా ఒప్పందం మీద సంతకం చేసిన సంస్థలకే. దాని గురించి బయట మాట్లాడకూడదు, ఫొటో పెట్టకూడదు. అయినా దాగదు. ప్లేస్టేషన్ 5 కన్సోల్ 2020 నవంబరులో వచ్చింది, ఇంగ్లీషు వి అక్షరం ఆకారంలో ఉన్న దాని డెవ్ కిట్ బొమ్మ 2019లోనే లోకమంతా తిరిగింది.

సోనీ ఒకసారి ఈ కట్టుబాటును కొంచెం సడలించింది. 1996లో జపాన్‌లో, 1997లో అమెరికా, యూరప్‌లలో నెట్ యారోజె అనే నల్లరంగు ప్లేస్టేషన్‌ను మామూలు మనుషులకే అమ్మింది. యారోజె అంటే జపాన్ భాషలో చేద్దాం పట్టండి అన్నట్టు. ధర అమెరికాలో 750 డాలర్లు. పెట్టెతోపాటు కంప్యూటర్‌కు కలిపే కేబుల్, పుస్తకాలు, సి కంపైలర్ వచ్చేవి. ఆట అంతా కేబుల్‌లోంచే రావాలి, మధ్యలో సీడీ నుంచి తెచ్చుకోవడం లేదు. ప్రోగ్రాం, బొమ్మలు, శబ్దాలు అన్నీ పెట్టుకోవడానికి ఉన్న మెమరీ కలిపి మూడున్నర మెగాబైట్లే. ఇప్పటి ఫోన్‌లో ఒక్క ఫొటోయే తరచు అంత ఉంటుంది. ఆ చోటులోనే విద్యార్థులు, ఇంట్లో కూర్చున్న ఔత్సాహికులు పూర్తి ఆటలు చేశారు. డెవిల్ డైస్ అనే పాచికల ఆట ఇట్లా మొదలై 1998లో అసలు ప్లేస్టేషన్ ఆటగా అమ్మకానికి వచ్చింది. మిగిలినవాళ్ళకు ఆ భాగ్యం దక్కలేదు. తమ ఆటను సీడీ చేసి అమ్మే హక్కు వాళ్ళకు లేదు. ఇంగ్లండులో ప్లేస్టేషన్ పత్రికతో ఇచ్చే సీడీలలో కొన్ని ఆటలు చేర్చారు కాబట్టి మామూలు పెట్టె ఉన్నవాళ్ళు ఆడగలిగారు. నా లెక్కలో ఇది తలుపు తీయడం కాదు, కిటికీ తీయడం. అయినా ఆ కిటికీలోంచి చాలామంది పని నేర్చుకున్నారు.

2006లో మైక్రోసాఫ్ట్ మరో దారి పట్టింది. అప్పట్లో ఏడాదికి 99 డాలర్లు కడితే దుకాణంలో కొన్న ఎక్స్‌బాక్స్ 360లోనే సొంత ఆట నడుపుకునే వీలుండేది. 2016లో ఎక్స్‌బాక్స్ వన్‌లో డెవలపర్ మోడ్ వచ్చింది. ఆ మోడ్‌లోకి మార్చినంతసేపు అది చేసే పెట్టె, కొన్న ఆటలు నడవవు. తిరిగి మార్చితే ఆడే పెట్టె. పెద్ద సంస్థల చేతిలోని డెవ్ కిట్‌కు ఉన్న శక్తి అంతా దీనికి ఇవ్వలేదు.

మామూలు కంప్యూటర్‌కు ఈ గొడవ లేదు. కోయలోనో సవరలోనో మాట్లాడే ఆట ఒకటి చేయాలని మనలో ఒకరు అనుకుంటే, కంప్యూటర్ మీద ఎవరినీ అడగనక్కర లేదు. గోడో అనే ఆటల తయారీ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. దాని లోపలి ప్రోగ్రాం కూడా 2014 నుంచి అందరూ చదువుకునేటట్టు తెరిచి పెట్టారు. కాని ఆ తెరిచి పెట్టడంవల్లే ఒక చిక్కు వచ్చింది. సోనీ, నింటెండో కన్సోళ్ళకు కావలసిన భాగాలు రహస్య ఒప్పందం కిందివి, అందరికీ కనబడే చోట వాటిని చేర్చకూడదు. అందుచేత గోడోలో చేసిన ఆటను ఆ పెట్టెలలోకి తీసుకుపోవాలంటే మనమే అనుమతి, డెవ్ కిట్ సంపాదించాలి, లేదా అవి ఉన్న వేరే సంస్థకు డబ్బిచ్చి చేయించుకోవాలి.