రెక్కల వంపు

డల్లాస్‌లో మా మేనల్లుడు 1989 నాటి షెవ్రోలె కమారో ఒకటి కొని, సొంతంగా బాగుచేసుకుంటున్నాడు. 350 క్యూబిక్ అంగుళాల వి8 ఇంజన్. నేను వెళ్ళిన వారంలోనే వాటర్ పంపు కారుతోందని పీకేసి, రేసు ఇంజన్లకు వాడే గట్టి రకం తెచ్చి బిగించాడు. బోల్టులన్నీ చక్కగా కూర్చున్నాయి. ఇంటి ముందు పావుగంట ఆన్‌లో ఉంచితే వేడి చూపే ముల్లు మామూలు చోటు దాటలేదు. హైవే ఎక్కి గట్టిగా తొక్కేసరికి ఎర్రగీత దాకా పోయింది.

“మామయ్యా, పంపు తిరుగుతోంది, నీళ్ళూ తోస్తోంది. మరెందుకు కాగిపోతోంది?”

రెండు పంపుల వెనక మూతలూ విప్పి బల్ల మీద పక్కపక్కన పెట్టాం. పాతదాని రెక్కలు ఒక వైపు వంగి ఉన్నాయి, కొత్తదానివి రెండో వైపు!

షెవ్రోలె ఈ స్మాల్ బ్లాక్ ఇంజన్లను 1955లో మొదలుపెట్టింది. అప్పట్లో వి-బెల్టు పంపును క్రాంకు తిరిగిన వైపే తిప్పేది. 1980ల్లో అన్నిటినీ చుట్టివచ్చే ఒకే పొడవాటి బెల్టు వచ్చింది. దాని వీపు పంపు పుల్లీని తాకుతుంది కాబట్టి పంపు ఎదురు తిరుగుతుంది. పైకి చూస్తే రెండు పంపులూ కవల పిల్లలే. మావాడి బండిది ఈ పొడవాటి బెల్టు, తెచ్చిన పంపేమో పాత వైపు తిరిగే రకం.

మజ్జిగ చిలికే కవ్వం ఎటు తిరిగినా మజ్జిగ అంచుకే చిమ్ముతుంది. ఈ పంపూ అంతే. నడిమధ్యకు వచ్చిన నీటిని రెక్కలు అంచుకు విసురుతాయి, చుట్టూ ఉన్న గది ఆ వేగాన్ని ఒత్తిడిగా మారుస్తుంది. రెక్క తిరిగే దిశకు ఎదురుగా, వెనక్కి ఒరిగి ఉంటే నీరు దాని వెంట నునుపుగా జారిపోతుంది. తప్పు దిశలో తిప్పితే నీరు వెనక్కి పోదు, ఆగిపోదు. శ్రమలో చాలా భాగం చిలకడానికే పోతుంది. మిగిలిన కాస్త ప్రవాహం నిలబడ్డ బండికి చాలు, అందుకే ఇంటి ముందు తప్పు బయటపడలేదు.

పంపు ఎంచుకునేవాళ్ళు మరో లెక్క గుర్తుంచుకోవాలి. వేగం రెట్టింపైతే నీరు రెట్టింపు, ఒత్తిడి నాలుగింతలు, పంపు తినే శక్తి ఎనిమిదింతలు. మరీ వేగంగా తిప్పితే రెక్కల మొదట్లో ఒత్తిడి పడిపోయి నీరు అక్కడే ఆవిరి బుడగలవుతుంది. ఆ బుడగలు చితికిన చోటల్లా లోహం గుంటలు పడుతుంది. ఎప్పుడూ నిమిషానికి 6000 చుట్ల మీద ఉండే రేసుకారుకు అందుకే పెద్ద పుల్లీ వేసి పంపును నెమ్మదిగా తిప్పుతారు. అదే పుల్లీతో ఎండాకాలం ట్రాఫిక్‌లో నిలబడితే నీరు చాలదు. రోడ్డు మీద తిరిగే బండికి నేనైతే పోతపోసిన రెక్కలున్నదే, గది గోడకూ రెక్కకూ సందు తక్కువున్నదే తీసుకుంటాను. సందు ఎక్కువైతే తోసిన నీరు మళ్ళీ లోపలికే జారుతుంది.

1992 కార్వెట్‌లో వచ్చిన ఎల్‌టీ1 ఇంజన్‌లో పంపుకు బెల్టే లేదు, కామ్‌షాఫ్టే దాన్ని గేర్లతో తిప్పేది. చల్లటి నీరు ముందు హెడ్లకు వెళ్ళేది. ఎంత అందమైన ఆలోచన! కానీ డిస్ట్రిబ్యూటర్‌ను సరిగ్గా పంపు కిందే పెట్టారు. పంపు కారితే అదీ పాడయ్యేది. తర్వాత బీఎండబ్ల్యూ వంటివాళ్ళు కరెంటు పంపులకు మారారు.

మావాడు ఎదురు తిరిగే పంపు తెచ్చాడు. బిగించే ముందు దిశ సరిచూసి, పుల్లీ మీద సుద్దతో బాణం గీశాడు. హైవే మీద అరగంట పోనిచ్చినా ముల్లు మామూలు చోటు దాటలేదు. పంపు అడుగున చిన్న చిల్లు ఉంటుంది. లోపలి సీల్ అరిగితే మొదటి చుక్క అక్కడే కనిపిస్తుంది. వాడిప్పటికీ వారానికోసారి దాన్ని వేలితో తడిమి చూస్తాడు.